బేకన్ కొవ్వు సీసా, ఒకే ఇంట్లో మూడు డైట్లు: ఒక కేస్ స్టడీ

ఆయన వయసు 46 ఏళ్లు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే పని. కీటో (పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి) మొదలుపెట్టే ముందు బరువు 94 కిలోలు, మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.1 శాతం, రక్తంలోని కొవ్వైన ట్రైగ్లిజరైడ్లు 210, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 38, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 124. మధుమేహం గుమ్మం దాకా వచ్చిందని డాక్టరు హెచ్చరించడంతో, ఎవరినీ అడక్కుండా తనంతట తానే కీటో పట్టారు. ఎనిమిది నెలల్లో 83 కిలోలకు దిగారు. హెచ్‌బీఏ1సీ 5.5కు వచ్చింది, ట్రైగ్లిజరైడ్లు సగానికి పడి 105 అయ్యాయి, హెచ్‌డీఎల్ 47కు పెరిగింది. ఎల్‌డీఎల్ మాత్రం 188 దగ్గర కూర్చుంది. డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మాట ఎత్తారు. ముందు తిండితో ప్రయత్నిస్తానని ఆయన గడువు అడిగి, డైటీషియన్‌నైన నా దగ్గరికి వచ్చారు. కుటుంబం ఆనవాళ్లు బయటపడకుండా వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మేడమ్, నాలుగు అంకెలు బాగుపడ్డాయి, ఒకటి చెడింది. ఆ ఒక్కదాని కోసం నాలుగూ వదులుకోవాలా?" న్యాయమైన ప్రశ్న. కీటో పేరెత్తగానే చిరాకుపడే డైటీషియన్లు ఉన్నారు. నేను ఆ జట్టులో లేను. ఆయన రక్తంలో చక్కెర తగ్గడం కళ్లముందున్న వాస్తవం. దాన్ని కాదని మొదలుపెడితే రెండో మాట ఆయన వినరు.

పళ్లెం జోలికి వెళ్లే ముందు చూడాల్సినవి రెండున్నాయి. బరువు వేగంగా తగ్గుతున్న రోజుల్లో తీసిన ఎల్‌డీఎల్ అంకెను పూర్తిగా నమ్మకూడదు. బరువు నిలకడగా ఉన్నాక మళ్లీ పరీక్ష చేయించాం, 186 వచ్చింది. థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది కాబట్టి అదీ చూశాం, మామూలుగానే ఉంది. కీటోకు ముందు 124 ఉన్న మనిషికి వంశపారంపర్య కొలెస్ట్రాల్ జబ్బు ఉండే అవకాశం తక్కువ. ఇక మిగిలింది తిండే.

ఆ ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో దారి. భార్యకు రక్తపోటు ఉంది, డాక్టరు సలహాతో డాష్ ఆహారం (రక్తపోటు తగ్గడానికి ఉప్పు తక్కువ, కూరగాయలు, పండ్లు ఎక్కువ) తీసుకుంటున్నారు. కాలేజీలో చదివే కూతురు వీగన్, జంతువుల నుంచి వచ్చేదేదీ తినదు. ఈయన కీటో. పొయ్యి ఒకటే, ఇనుప పెనం ఒకటే. పొయ్యి పక్కనే, బేకన్ (ఉప్పు పట్టించిన పంది పొట్ట మాంసం) వేయించినప్పుడు కారిన కొవ్వు వడగట్టి నింపిన గాజు సీసా. ఈయన దృష్టిలో అది ఇంధనం, ఆవిడ దృష్టిలో ఉప్పు, అమ్మాయి దృష్టిలో అంటరాని వస్తువు. ముగ్గురి అభిప్రాయాలూ బలమైనవే. సీసాలో అసలు ఏముందో మాత్రం ముగ్గురిలో ఎవరూ చూడలేదు.

సీసాలో ఉన్నది

ఒక పెద్ద చెంచా బేకన్ కొవ్వు సుమారు 13 గ్రాములు, దాదాపు 115 కేలరీలు. పిండిపదార్థం లేదు, చెప్పుకోదగ్గ ప్రొటీన్ లేదు, పీచు లేదు. కొవ్వు రకాలు చూస్తే సంతృప్త కొవ్వు (ఎల్‌డీఎల్‌ను పెంచేది) 39 శాతం, ఏక అసంతృప్త కొవ్వు 45 శాతం, బహుళ అసంతృప్త కొవ్వు 11 శాతం. అంటే చెంచాకు సంతృప్త కొవ్వు 5 గ్రాములు. కొలెస్ట్రాల్ 12 మిల్లీగ్రాములు, లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఈ అంకెలు విడిగా చూస్తే ఏమీ చెప్పవు. పక్కన ఇంకొకటి పెట్టి చూడాలి. వెన్నలో సంతృప్త కొవ్వు 51 శాతం, కొబ్బరి నూనెలో 80 శాతం పైన, ఆలివ్ నూనెలో 14 శాతం. కాబట్టి వెన్న మానేసి బేకన్ కొవ్వు వాడినవాడు ఓ మెట్టు పైకి ఎక్కాడు. ఆలివ్ నూనె మానేసి వాడినవాడు రెండు మెట్లు దిగాడు. వస్తువు ఒకటే, అది ఎవరి స్థానంలో వచ్చి కూర్చుందన్నదే తేడా. కొవ్వు ఆమ్లాల మార్పుతో రక్తంలో కొలెస్ట్రాల్ ఎంత మారుతుందో లెక్కగట్టే సూత్రాలను కీస్, హెగ్‌స్టెడ్ బృందాలు 1965లో విడివిడిగా ప్రకటించాయి. బహుళ అసంతృప్త కొవ్వు కొలెస్ట్రాల్‌ను ఎంత దించుతుందో, సంతృప్త కొవ్వు అంతకు సుమారు రెట్టింపు పెంచుతుందన్నది వాటి సారం. కొవ్వు గురించి నేటి సలహాల్లో చాలావాటి అడుగున ఆ లెక్క ఉంది.

"ఇందులో ఉన్నది ఆలివ్ నూనెలో ఉండే ఓలియిక్ ఆమ్లమే కదా" అని ఆయన వాదించారు. సగం నిజం. ఏక అసంతృప్త కొవ్వులో ఎక్కువ భాగం ఓలియిక్ ఆమ్లమే. అయితే ఆలివ్ నూనెలో సంతృప్త కొవ్వుకు అయిదు రెట్లు అది ఉంటుంది. బేకన్ కొవ్వులో రెండూ ఇంచుమించు సమానం. మంచిదాన్ని తెచ్చే చేయే చెడ్డదాన్నీ తెస్తోంది.

విటమిన్ డి సంగతి కూడా ఆయనే తెచ్చారు. పంది కొవ్వు ఒక్క చెంచాలో 1000 యూనిట్ల విటమిన్ డి ఉంటుందని ప్రచారం ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో 100 గ్రాముల పంది కొవ్వుకు ఉన్నది 100 యూనిట్ల చిల్లర. చెంచాకు 13. పంది ఎండలో తిరిగితే కొంత పెరగవచ్చు గానీ, విటమిన్ కోసం దీన్ని తినే పని లేదు.

సీసాను తూచాం

ఎంత వాడుతున్నారని అడిగితే "రోజుకు రెండు చెంచాలు" అన్నారు. అబద్ధం చెబుతారని కాదు గానీ, తిండి కొలతను నేను మొదటి మాటకే రాసుకోను. వేడి పెనంలో ఎంత కొవ్వు పోశామో ఎవరి కంటికీ ఆనదు. అందుకని చెంచాల ఊసు మాని సీసానే తూచమన్నాను. పొద్దున వంటకు ముందు ఒకసారి. బేకన్ వేయించి, కారిన కొవ్వు వడగట్టి పోశాక రెండోసారి. రాత్రి వంట ముగిశాక మూడోసారి. ఒక వారం పాటు, రోజుకు మూడు అంకెలు.

లెక్క తేలింది. రోజుకు సగటున 55 గ్రాములు సీసాలోంచి బయటికి వెళుతోంది, అంటే నాలుగు పెద్ద చెంచాల పైమాటే. భార్యాపిల్లలు దాన్ని ముట్టరు కాబట్టి మొత్తం ఆయన కడుపులోకే. సీసాలోకి వచ్చి చేరుతున్నదీ దాదాపు అంతే. రోజూ ఆరు బేకన్ ముక్కలు, పచ్చివి 170 గ్రాములు. వేగాక 50 గ్రాములైనా ఉండవు. తగ్గిన బరువులో ఇంచుమించు సగం నీరు, సగం కొవ్వు. అందుకే ఆ సీసా ఎన్నడూ నిండలేదు, ఎన్నడూ అడుగంటలేదు. ఎప్పుడు చూసినా సగం దగ్గరే ఉండే సీసాను చూసి, పెద్దగా వాడటం లేదనే ఆయన అనుకున్నారు.

55 గ్రాములంటే దాదాపు 490 కేలరీలు, 21 గ్రాములకు పైగా సంతృప్త కొవ్వు. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 10 శాతం హద్దు 22 గ్రాములు. ఎల్‌డీఎల్ తగ్గించుకోవాల్సిన వారికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పేది 6 శాతం లోపు, అంటే 13 గ్రాములు. సీసా ఒక్కటే మొదటి హద్దును అందుకుంటోంది. దాని మీద 30 గ్రాముల వెన్న, 60 గ్రాముల చీజ్, ఆ ఆరు ముక్కల బేకన్, మూడు గుడ్లు. అన్నీ కలిపితే రోజుకు 60 గ్రాముల దగ్గర తేలింది. మొత్తం కేలరీల్లో 27 శాతం. ఎల్‌డీఎల్ 188కి చేరడంలో వింతేమీ లేదు.

ఎందుకంత కొవ్వు?

ఆయన తిండిపోతు కాదు. ఆకలేసి ఇంత కొవ్వు తిన్నదీ కాదు. ఫోనులో ఒక యాప్ ఉంది. అందులో కొవ్వుకు ఒక వలయం, 75 శాతం లక్ష్యం. రాత్రి భోజనం అయ్యేసరికి వలయం నిండకపోతే వండిన కూరగాయల మీద ఇంకో చెంచా కొవ్వు పోసుకునేవారు, ఒక్కోసారి ఉత్త చెంచాడు నోట్లో వేసుకునేవారు. ఈ కేసు మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది.

కీటో పుట్టింది బరువు తగ్గించడానికి కాదు. 1921లో మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం ప్రతిపాదించిన వైద్య ఆహారం అది. ఉపవాసంలో మూర్ఛలు తగ్గుతున్నాయని గమనించి, తింటూనే ఉపవాస స్థితిని తెప్పించే మార్గంగా దాన్ని చూశారు. దాని సంప్రదాయ రూపంలో ప్రొటీన్, పిండిపదార్థం కలిపి 1 గ్రాముకు కొవ్వు 4 గ్రాములు. కేలరీల్లో చూస్తే 90 శాతం కొవ్వే. మూర్ఛతో బాధపడే పిల్లవాడికి ఆ నిష్పత్తి మందు మోతాదు లాంటిది, వైద్యుల పర్యవేక్షణలో గ్రాముల తూకంతో నడుస్తుంది. బరువు తగ్గాలనుకునే 46 ఏళ్ల మనిషికి ఆ నిష్పత్తితో పని లేదు. పిండిపదార్థాన్ని రోజుకు 50 గ్రాముల లోపు ఉంచితే చాలామందిలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు కాలేయం తయారుచేసే ఇంధనం) పుడతాయి. కావలసిన కొవ్వు ఆయన నడుము చుట్టూనే ఉంది. బయటినుంచి పోసే ప్రతి చెంచా, లోపలిది కరగాల్సిన అవసరాన్ని ఆ మేరకు తగ్గిస్తుంది. యాప్ చూపే కొవ్వు శాతాన్ని దాటకూడని హద్దుగా చూడండి, అందుకోవాల్సిన గురిగా చూడొద్దు అని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోను తీసి ఆ వలయాన్ని తెర మీదినుంచి తొలగించేశారు.

తక్కిన డైట్లు ఏమంటాయి

మధ్యలో ఒకసారి "అయితే పేలియోకు మారతాను, అందులో బేకన్ ఉంది కదా" అన్నారు. ఉందా? 1985లో ఈటన్, కానర్ ఒక వైద్య పత్రికలో రాతియుగపు ఆహారం గురించి రాసినప్పుడు వాళ్లు చెప్పింది అడవి జంతువుల మాంసం గురించి. అందులో కొవ్వు తక్కువ. ఉప్పు పట్టించి పొగబెట్టిన పెంపుడు పంది పొట్ట మాంసం ఆ ఆలోచనకు ఆమడ దూరం. తర్వాత జనాదరణ పొందిన పేలియో దాన్ని వెనుక తలుపు గుండా లోపలికి రానిచ్చింది. 2009లో మొదలైన హోల్30 అనే 30 రోజుల డైట్ పేచీ చక్కెరతో. బేకన్ ఊరబెట్టేటప్పుడు చక్కెర వేశారా అని పొట్లం మీద చూడమంటుంది. చక్కెర కొవ్వులో కరగదు కాబట్టి వడగట్టిన సీసాలో అది ఉండదు. అయినా నియమం నియమమే.

మాంసం తప్ప మరేదీ ముట్టని కార్నివోర్ బృందాల్లో బేకన్ కొవ్వుకు పీట వేస్తారు. ఆ బృందాల్లోనే గింజల నూనెలు విషం, వాటిలోని లినోలియిక్ ఆమ్లం కీడు అని గట్టిగా నమ్ముతారు. పంది తిన్న దాణాలోని కొవ్వు పెద్దగా మారకుండా దాని ఒంట్లో చేరుతుంది. మొక్కజొన్న, సోయా తిని పెరిగిన పంది కొవ్వులో లినోలియిక్ ఆమ్లం గణనీయంగానే ఉంటుంది. ఇందాక చెప్పిన 11 శాతం బహుళ అసంతృప్త కొవ్వులో సింహభాగం అదే. సోయా నూనె వద్దని వదిలేసినవాడు దాన్ని పంది ద్వారా తెప్పించుకుంటున్నాడన్న మాట. నాకు లినోలియిక్ ఆమ్లంతో పేచీ లేదు, ఆ వాదనతోనే.

మెడిటరేనియన్ పద్ధతిలో ప్రధాన కొవ్వు ఆలివ్ నూనె. స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ పరిశోధనలో ఆలివ్ నూనె గానీ గింజపప్పులు గానీ ఎక్కువగా తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి తక్కువగా కనిపించాయి. 2013లో వచ్చిన ఆ వ్యాసాన్ని, మనుషులను బృందాలుగా విభజించడంలో లోపాలు దొర్లాయని వెనక్కి తీసుకుని, 2018లో మళ్లీ లెక్కలు కట్టి ప్రచురించారు. ముగింపు పెద్దగా మారలేదు. ఇక్కడ బేకన్ కొవ్వును ఎవరూ నిషేధించరు, దానికి చోటు ఉండదు, అంతే. కేలరీల్లో కొవ్వును 10 శాతానికి కుదించే ఆర్నిష్ పద్ధతిలో అయితే రోజంతటి కొవ్వు కోటాలో సగానికి పైగా ఒక్క పెద్ద చెంచాతోనే అయిపోతుంది. ఆ దారిలో ఉన్నవారు అడగనే అడగరు.

డాష్ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఆయన భార్యది ఆ దారే. ఆ సీసాను ఆవిడ దూరం పెట్టడానికి కారణం ఉప్పు. బేకన్ ఉప్పగా ఉంటుంది, దాని కొవ్వూ ఉప్పగానే ఉంటుందని ఆవిడ అంచనా. ఉప్పు నీటిలో కరుగుతుంది గానీ కొవ్వులో కరగదు. అందుకే అది ముక్కలోనే ఎక్కువగా మిగులుతుంది. వడగట్టిన కొవ్వులో పెద్ద చెంచాకు సోడియం 20 మిల్లీగ్రాములు, డాష్ చెప్పే 2300 పక్కన నామమాత్రం. వడగట్టకపోతే అడుగున చేరే నల్లటి పలుకులు మాత్రం నిజంగా ఉప్పగానే ఉంటాయి. డాష్‌లో అసలు అభ్యంతరం వేరే చోట ఉంది: సంతృప్త కొవ్వు 6 శాతం, 2000 కేలరీలకు 13 గ్రాములు. పెద్ద చెంచా పోస్తే అందులో 5 పోతాయి. చిన్న చెంచాతో ఆకుకూర గిన్నె మొత్తానికి వాసన పట్టిస్తే ఖర్చు 1.7 గ్రాములు, దాన్నీ తినేవాళ్లు పంచుకుంటారు. ఆ కమ్మదనంతో ఆకుకూర ఇంకో గరిటెడు ఎక్కువ దిగితే, ఆవిడకు కావలసిన పొటాషియం కూడా దిగుతుంది. డాష్‌లో చిన్న చెంచా బేకన్ కొవ్వును నేను ఒప్పుకునేది ఇందుకే.

కూతురి విషయంలో అంకెలకు చోటు లేదు. వీగన్‌కు చెంచా ఎంతన్నది ప్రశ్న కాదు. మతపరంగా పంది మాంసం తినని వారికీ అంతే. వీళ్ల దగ్గర గ్రాముల భాష మాట్లాడే డైటీషియన్ తన పరువు పోగొట్టుకుంటారు. చిక్కంతా ఇనుప పెనంతో వచ్చింది. తుడిచినా దాని ఒంటికి పట్టిన కొవ్వు పోదు. అమ్మాయి అనుమానంతో ఇంట్లో వేపుళ్లు తినడమే మానేసింది, పొద్దుపోయాక బిస్కట్లతో కడుపు నింపుకుంటోంది. వేరే పెనం, వేరే గరిటె కొనమన్నాను. ఈ కేసులో అతి సులువుగా తీరిన సమస్య అది.

గోధుమలోని గ్లూటెన్ పడనివారికి బేకన్ కొవ్వు స్వతహాగా ఇబ్బంది చేయదు. అయితే గోధుమ పిండి అద్దిన ముక్కలు వేయించాక ఆ కొవ్వును మళ్లీ సీసాలో పోస్తే, సీలియాక్ జబ్బు ఉన్నవారికి ఆ సీసా పనికిరాదు. ఐబీఎస్ (పేగులు తరచూ ఇబ్బంది పెట్టే రుగ్మత) ఉన్నవారి తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహారంలో (పేగుల్లో పులిసే పిండిపదార్థాలు తగ్గించినది) కొవ్వుకు నిషేధం లేదు. కానీ ఒకేసారి ఎక్కువ కొవ్వు పడితే కొందరికి పేగులు గొడవ చేస్తాయి.

నైట్రైట్ మాట

సంతృప్త కొవ్వు ఒక్కటే లెక్కయితే చెంచాల పాఠంతోనే ముగించేదాన్ని, కానీ ఇంకొకటి ఉంది. 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బేకన్ వంటి నిల్వ మాంసాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని అంచనా వేసింది. ఇది ఉన్న ముప్పు మీద పెరిగే శాతం, నూటికి 18 మందికి వస్తుందని కాదు. ఈయన తింటున్నది సరిగ్గా ఆ 50 గ్రాముల దగ్గరే, అదీ రోజూ.

కొవ్వుకు దీనితో ఏమిటి సంబంధం? ఊరబెట్టడానికి వాడే నైట్రైట్, మాంసంలోని అమైన్లతో కలిసి పెద్ద మంట మీద, క్యాన్సర్‌కు దారితీయగల నైట్రోసమైన్లుగా మారుతుంది. వాటిలో నైట్రోసోపైరోలిడిన్ అనేది వేగిన ముక్కలో కన్నా కారిన కొవ్వులో ఎక్కువగా చేరుతుంది. దీన్ని తగ్గించడానికే అమెరికాలో బేకన్‌కు నైట్రైట్ మోతాదు కట్టడి చేసి, విటమిన్ సి జాతి పదార్థాన్ని తప్పనిసరిగా కలపమన్నారు. కాబట్టి మాంసం తగ్గించి కొవ్వు మాత్రం వాడుకుంటానంటే పూర్తిగా తప్పించుకున్నట్టు కాదు. ఇక "నైట్రైట్ కలపనిది" అని రాసి అమ్మే బేకన్‌లో చాలావాటికి సెలెరీ పొడి కలుపుతారు. అందులోని నైట్రేట్ నైట్రైట్‌గా మారి అదే పని చేస్తుంది. చల్లటి పెనంలో ముక్కలు పరిచి సన్న సెగ మీద నిదానంగా కరిగించడం, మాడకముందే తీయడం, పలుచటి గుడ్డలో వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టడం, వాసన మారితే పారబోయడం: ఇవి నేను చెప్పిన జాగ్రత్తలు. పొయ్యి పక్కన నెలల తరబడి ఉన్న ఆ సీసాను తూకాల వారం ముగిసిన రోజే పారబోయించాను.

చేసిన మార్పులు, వచ్చిన ఫలితం

తక్కువ పిండిపదార్థం కొనసాగించాలన్నది ఆయన షరతు. ఒప్పుకున్నాను. బేకన్ వారానికి రెండు రోజులు. కొవ్వు రోజుకు ఒక చిన్న చెంచా, అది కూడా వంట చివర్లో రుచికి. వంటకు ఆలివ్ నూనె. వెన్న బంద్, చీజ్ సగం, గుడ్లు రెండు. వారానికి రెండుసార్లు చేప, రోజూ గుప్పెడు గింజపప్పులు. పిండిపదార్థాన్ని 25 గ్రాముల నుంచి 75 దాకా పెంచాం, పప్పుధాన్యాలు, కూరగాయల రూపంలోనే. దాంతో కీటోన్లు పోతాయేమోనని దిగులుపడ్డారు. మీకు కావలసింది కీటోన్లా, హెచ్‌బీఏ1సీనా అని అడిగితే నవ్వారు. ఇసబ్‌గోలు పొట్టు కొద్దికొద్దిగా పెంచుతూ రోజుకు 10 గ్రాములు, నీళ్లు దండిగా. సంతృప్త కొవ్వు 60 నుంచి 20 గ్రాముల దగ్గరికి వచ్చింది.

పన్నెండు వారాల తర్వాత ఎల్‌డీఎల్ 137. ట్రైగ్లిజరైడ్లు 112, హెచ్‌డీఎల్ 46, హెచ్‌బీఏ1సీ 5.6, బరువు 82. ఆయన భయపడ్డ నాలుగు అంకెలూ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఈ ఘనతంతా సీసాకు కట్టబెట్టడానికి లేదు. వెన్న పోవడం, పీచు రావడం, పిండిపదార్థం కాస్త పెరగడం, అన్నీ ఒకేసారి జరిగాయి. ఏది ఎంత పని చేసిందో విడదీయాలంటే ఒక్కొక్కటే మార్చి చూడాలి, స్టాటిన్ గుమ్మంలో ఉన్న మనిషితో ఆ ప్రయోగం చేయలేం.

137 బాగా దిగినట్టే గానీ ఇంకా మంచి అంకె కాదు. కీటోకు ముందున్న 124 కన్నా ఎక్కువే. డాక్టరు ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేసి, మొత్తం గుండె ముప్పు లెక్కగట్టి స్టాటిన్ సంగతి తేలుస్తామన్నారు. ఈలోగా పిండిపదార్థాన్ని ఇంకొంచెం పెంచి, ఓట్స్, బార్లీ వంటివి చేర్చమని నా సలహా. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. బేకన్ వారానికి రెండు రోజులు దాటి మళ్లీ పాకడం మొదలైతే ఆరు నెలలు ఆగకుండా ముందే రక్తపరీక్ష చేయించాలన్న మాట మాత్రం కాగితం మీద రాసుకున్నాం.